ఆ వాక్యం కొట్టేసింది నేను

సభలో ఉన్న పెద్దలకు, టైలర్ల సంఘం వారికి, మెకానిక్ మిత్రులకు, మా బంధువులకు నమస్కారం.

పనిరోజున దుకాణాలు మూసుకుని వచ్చారు. కొందరు రెండు బస్సులు మారి వచ్చారు. ఆమె ఉండి ఉంటే ముందు మిమ్మల్నే కోప్పడేది, సాయంత్రానికి బట్టలు ఇస్తామని మాటిచ్చినవాళ్ళకు ఏం చెప్పి వచ్చారని. మీ అందరికీ నా కృతజ్ఞతలు.

నా భార్య పోయి మూడు వారాలయింది. ఉదయం పదిన్నరకు, పనిబల్ల దగ్గర, గుండె ఆగింది. దాని గురించి ఇంతకంటే చెప్పలేను.

నేను మాట్లాడనని కార్యదర్శి గారికి ముందే చెప్పాను. ఆయన రెండోసారి అడిగినా వద్దనే అన్నాను. కాని ఇప్పటిదాకా మాట్లాడిన ఐదుగురిలో ముగ్గురు ఒకే సంగతి మెచ్చుకున్నారు. ఆమె వెబ్‌సైటు మొదటి పేజీలో ఆరేళ్ళుగా ఉన్న నోటీసును మెచ్చుకున్నారు. "టైమింగ్ పేజీలో తప్పు జరిగింది. తప్పు నాది" అని ఉంటుంది. కింద ఆమె పేరు, తేదీ ఉంటాయి. తన తప్పును లోకమంతా చూసేలా ఒప్పుకున్న మనిషి అన్నారు.

అది విన్నాక కూర్చోలేకపోయాను. చీటీ పంపి సమయం అడిగాను.

మిత్రులారా, ఆ తప్పు ఆమెది కాదు. నాది. ఈ మాట ఆరేళ్ళ కిందట చెప్పవలసింది. ఇవాళ చెప్పి దిగుతాను. కాని ఆమె ఎలా పనిచేసేదో ముందు తెలియకపోతే, నేను చేసింది ఎంత తప్పో మీకు తెలియదు. అందుకని కాసేపు ఓపిక పట్టండి.

మీలో చాలామందికి ఆమె మిషనమ్మ. మాకు పెళ్ళయినప్పుడు వాళ్ళవాళ్ళు చెప్పింది వేరు. అమ్మాయికి కుట్టు వచ్చు అన్నారు. కుట్టు రాదు. కుట్టే మిషను వచ్చు. వాళ్ళ నాన్న మెకానిక్. ఆ సంగతి మొదటి నెలలోనే మా అమ్మ కనిపెట్టింది. "ఒరేయ్, దిండు గలీబు కుట్టవే అంటే మీ ఆవిడ మిషను మొత్తం విప్పి పరుపు మీద పరిచింది, చూడు" అని నన్ను పిలిచింది. ఆ మిషను మా అమ్మది. విప్పకముందు అది గచ్చు మీద రాళ్ళబండి లాగినట్టు మోగేది. మళ్ళీ బిగించాక మా అమ్మ రెండుసార్లు తొక్కి చూసి, ఆ గలీబు తనే కుట్టేసింది.

మా ముందుగదిలో వీధివైపు కిటికీ కింద బల్ల వేశాం. జనం మిషన్లు మోసుకొచ్చేవారు. గుమ్మంలో ఆమెను చూసి, "మెకానిక్ గారు లేరామ్మా?" అనేవారు. "ఉన్నారు, దింపండి" అనేది. దింపి, లోపలి గదివైపు చూస్తూ కూర్చునేవారు, ఎవరో వస్తారని. వాళ్ళు అటు చూస్తుండగానే ఆమె పైమూత తీసేసేది. కొందరు ఉండేవారు. కొందరు "మళ్ళీ వస్తాం" అని మిషను ఎత్తుకుని పోయేవారు. వాళ్ళు మళ్ళీ రాలేదు.

వెబ్‌సైటు అక్కడ పుట్టింది. పద్నాలుగేళ్ళ కిందటి మాట. ఒక మధ్యాహ్నం అన్నం తింటూ అడిగింది. "ఏమండీ, గుమ్మంలో నా మొహం చూసి వెనక్కి పోతున్నారు. ముందు పని చూపించి, మొహం తర్వాత చూపిస్తే ఎలా ఉంటుందంటారు?"

అలా మొదటి పేజీలో ఆమె చేతులు మాత్రమే వచ్చాయి. విప్పిన మిషను, పక్కన వరుసగా పేర్చిన స్క్రూలు, రెండు చేతులు. కింద ఫోను నంబరు. ఫోన్లు బాగానే వచ్చాయి. "మెకానిక్ గారికి ఇవ్వండమ్మా." "నేనేనండి." "అది కాదమ్మా, మీ ఆయనకివ్వండి." ఆమె ఫోను నా చేతిలో పెట్టేది. "నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదండి" అనేవాణ్ణి.

ఒక నెల చూసింది. తర్వాత తన ఫోటో పెట్టించి, కింద ఈ రెండు ముక్కలు రాయించింది: "ఫోను ఎత్తేది నేనే. మిషను విప్పేదీ నేనే." ఫోన్లు సగానికి పడిపోయాయి. ఫోటో తీసేద్దామా అని నేను అడిగాను. "ఆ మిగిలిన సగం నా కోసం చేస్తున్నవాళ్ళు" అంది.

ప్రచారం గురించి ఇందాక ఒకరు మాట్లాడారు. ఆమె ప్రచారం తెలిసిన మనిషి అన్నారు. నిజమే. కాని ఎలాంటి ప్రచారం? ఒకసారి టై కట్టుకున్న పెద్దమనిషి ఒకాయన మా ఇంటికి వచ్చారు. సెర్చ్‌లో మా సైటును అందరికంటే పైకి ఎక్కిస్తానన్నారు. అందుకు మొదటి పేజీలో 'నగరంలోనే అగ్రగామి' అని ఉండాలట. ఆమె చేతులు తుడుచుకుంటూ అడిగింది. "అగ్రగామి అంటే ఎవరెవరి కంటేనండి? పేర్లు చెప్పండి, వాళ్ళను ఓ మాట అడిగి రాస్తాను." ఆయన టీ తాగి వెళ్ళిపోయారు.

ఆమె చేసింది ఇంకొకటి. తనకు రాని పనులకు ఒక పేజీ పెట్టింది. 'ఇవి నా దగ్గరకు తేవద్దు' అని దాని పేరు. ఏ పని ఎవరికి బాగా వచ్చో రాసి, వాళ్ళ నంబర్లు ఇచ్చింది. బట్ట అంచు పోగులు ఊడకుండా కుట్టే ఓవర్‌లాక్ మిషన్లు బాగుచేసే పెద్దాయన మొదటి వరుసలో ఉన్నారు, ఆయనకు గుర్తుండే ఉంటుంది. మా గుమ్మంలోకి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా, "ఏమ్మా, నా నంబరు నీ గోడ మీద ఎందుకు రాశావు? పొద్దుటినుంచి ఫోను ఊపిరి తీసుకోనివ్వడం లేదు" అన్నారు. "ఓవర్‌లాక్ నాకు రాదన్నా. నీకు వచ్చు. ఉన్నమాట రాస్తే తప్పా?" అంది. ఆయన "ఆదివారం ఎత్తనని కూడా రాయి" అని వెళ్ళిపోయారు. అది కూడా రాసింది. ఇప్పటికీ ఉంది, చూడవచ్చు.

వెబ్‌లో టైలర్లు మాట్లాడుకునే గ్రూపులు ఉంటాయి. ఎవరు ఏ చిక్కు అడిగినా అక్కడే మొత్తం చెప్పేది. సగం చెప్పి, మిగతాది నా దుకాణానికి వస్తే చెప్తాననేది కాదు. అలా చెప్పినవి పేరుకుపోయి పేజీలయ్యాయి. బెల్టు జారితే ఏం చేయాలి, దారం తెగుతుంటే ఏం చూడాలి, అడుగున దారం చుట్టిన బాబిన్ ఎందుకు ఇరుక్కుంటుంది. మిషను పాడయిన మనిషి చేతిలో పని ఆగిపోయి ఉంటుంది. అటువంటి మనిషికి సాయపడడమే ఆమెకు తెలిసిన ప్రచారం.

ఆ పేజీలు టైపు చేసింది నేను. నేను బీమా కంపెనీలో ఉత్తరాల విభాగంలో ముప్పై ఏళ్ళు పనిచేశాను. ఒకే సంగతి రెండుసార్లు చెప్పిన ఉత్తరం నా బల్ల దాటేది కాదు. ఆమె పాత క్యాలెండర్ కాగితాల వెనక పెన్సిలుతో రాసి ఇచ్చేది. నేను దానికి మెరుగులు పెట్టేవాణ్ణి. "మీ తెలుగు బాగుందండీ. కాని దీంతో మిషను బాగుపడదు" అనేది.

బాగుపడుతుందో లేదో తేల్చడానికి ఆమెకో పద్ధతి ఉంది. పరీక్ష మా అమ్మకు. అమ్మకు అప్పటికి డెబ్బై దాటాయి, స్క్రూడ్రైవరు పట్టిన మనిషి కాదు. "అత్తయ్యా, ఓ పావుగంట ఇటు రండి" అని పాత మిషను ముందు కూర్చోబెట్టేది. నేను పేజీ చదవాలి. అందులో ఉన్నట్టు అమ్మ చేయాలి. తను మాత్రం చేతులు కట్టుకుని కూర్చునేది, ఒక్క మాట సాయం చేయకూడదని తనకు తనే పెట్టుకున్న నియమం. అమ్మ చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడ కాగితం మీద గీత. "'ఒకింత వదులు చేయండి' అంటే ఎంతరా? నీకూ తెలీదు, నాకూ తెలీదు" అనేది అమ్మ. నేను రాసిన 'ఒకింత' పోయి, 'అర చుట్టు' వచ్చేది. అమ్మ ఎక్కడా ఆగకుండా చేసినప్పుడే పేజీ సైటులోకి ఎక్కేది. ఒక పేజీకి పదకొండుసార్లు కూర్చుంది. "నన్ను ఈ వయసులో బడిలో వేశావే" అని తిట్టేది. కాని పిలిచినప్పుడల్లా వచ్చేది, కళ్ళజోడు తుడుచుకుంటూ.

ఇంకో సంగతి. ప్రమాదం ఉన్న పనులకు ఆమె ఒక హెచ్చరిక రాసేది: "మోటారు ప్లగ్గు తీసేయండి. చక్రం చేత్తోనే తిప్పండి." పేజీ మొదట్లో ఒకసారి రాస్తే సరిపోతుందని నేననేవాణ్ణి. ప్రతి మెట్టు దగ్గరా రాయమనేది. ఎందుకని అడిగితే చెప్పింది. "వెబ్‌లో మనుషులు గుమ్మంలోంచి రారండీ. ఎవరో లింకు పంపితే నేరుగా వంటింట్లో తేలతారు. పొయ్యి వేడిగా ఉందని వంటింట్లో కూడా చెప్పాలి కదా." నేను నవ్వాను. బాగా చెప్పావన్నాను. విన్నాను గాని చెవికెక్కలేదు.

ఇక ఆ పేజీ.

సూది కిందికి దిగే క్షణం, అడుగున దారం అందుకునే కొక్కెం తిరిగే క్షణం రెండూ ఒకటి కావాలి. టైలర్లు దాన్ని టైమింగ్ అంటారు, సరిచేయడాన్ని టైమింగ్ కట్టడం అంటారు. అది తప్పితే సూది వెళ్ళి కొక్కేనికి కొట్టుకుంటుంది. ఆమె దానికి ఏడు మెట్లుగా పేజీ రాసి ఇచ్చింది. ఏడు చోట్లా ఆ హెచ్చరిక ఉంది. అదే వారం మా అమ్మకు కంటి ఆపరేషన్ అయింది. పరీక్ష ఆగింది. అమ్మకు తోడుగా నా భార్య పది రోజులు వేరే ఊళ్ళో ఉన్న మా వదిన ఇంటికి వెళ్ళింది. వెళ్తూ, "అత్తయ్య కళ్ళు బాగయ్యాక చూద్దాం, అప్పటిదాకా దాన్ని ముట్టుకోకండి" అని చెప్పింది.

నేను ముట్టుకున్నాను. గ్రూపులో జనం ఆ పేజీ ఎప్పుడని అడుగుతున్నారు. ఆమె తిరిగి వచ్చేసరికి సిద్ధంగా ఉంచాలని నా ముచ్చట. టైపు చేస్తుంటే ఒకే వాక్యం ఏడుసార్లు వచ్చింది. నా ముప్పై ఏళ్ళ అలవాటు ఊరుకోలేదు. మొదటిదాన్ని ఉంచి, ఆరు కొట్టేశాను. చదువుకుంటే హాయిగా ఉంది. అందంగా వచ్చిందనుకున్నాను. పెట్టేశాను.

నాలుగో రోజున ఒక టైలరమ్మ గారికి ఎవరో ఆ పేజీలో ఐదో మెట్టుకే లింకు పంపారు. ఆవిడ ఫోనులో ఐదో మెట్టే తెరుచుకుంది. పైన ఉన్న హెచ్చరిక ఆవిడ చూడలేదు. చూడవలసిన చోట అది లేదు. చక్రం తిప్పమని మాత్రమే ఉంటే, మోటారు పెడలు తొక్కారు. కొక్కెం విరిగింది. సూది ముక్క ఎగిరి కంటికి వేలెడు కింద దిగింది.

రెండు రోజుల తర్వాత ఉత్తరం వచ్చింది. అందులో నాలుగే వాక్యాలు. "మీ పేజీ చూసి చేశాను. చెంప మీద మూడు కుట్లు పడ్డాయి. మిషను ఆగిపోయింది. బడిపిల్లల బట్టలు నూట ఇరవై జతలు ఒప్పుకుని ఉన్నాను." అప్పటికి ఆమె ఇల్లు చేరింది. ఉత్తరం చదివింది. పేజీ చదివింది. తను రాసిచ్చిన కాగితాన్ని పక్కన పెట్టి చూసింది. నావైపు తిరిగి ఒక్కటే అడిగింది. "అందంగా లేదని తీశారా?"

అవునన్నాను.

ఆమె కోప్పడలేదు. ఆ వాక్యాన్ని ఏడు చోట్లా తిరిగి పెట్టమని, నేను పెట్టేదాకా పక్కనే నిలబడింది. సంచీలో కొత్త కొక్కెం, పనిముట్లు సర్దుకుని మధ్యాహ్నం బస్సుకే ఆ ఊరు వెళ్ళింది. మిషను బాగుచేసింది. బాగుచేసి వెంటనే తిరిగి రాలేదు. ఐదు రోజులు ఆ టైలరమ్మ గారి ముందుగదిలోనే ఉండి, అంచులు మడిచింది, గుండీలు కుట్టింది, ఇస్త్రీ చేసింది. కుట్టు రాని మనిషి అని చెప్పాను కదా. నూట ఇరవై జతలూ బడి తెరిచే రోజుకు అందాయి.

వచ్చాక నోటీసు రాసింది. "తప్పు నాది" అని. నా పేరు పెట్టమన్నాను. "సైటు మీద ఉన్న పేరు నాది. పేజీ నమ్మినవాళ్ళు నన్ను నమ్మారు. ఇంట్లో టైపు చేసింది ఎవరన్నది వాళ్ళకెందుకు?" అంది. సరే అన్నాను.

ఇక్కడ కాస్త ఆగుతాను. నేను ఒక్కసారే అడిగాను. రెండోసారి అడగలేదు. ఆమె వద్దనగానే నాకు ప్రాణం తేలిక పడింది. అది ఇవాళ మీ ముందు ఒప్పుకుంటున్నాను.

ఎందుకంటే దానివల్ల ఏం జరిగిందో మీకు తెలుసు. బజారులో ఒక మాట పుట్టింది. "ఆడమనిషి టైమింగ్ కట్టడం నేర్పిందట, కన్ను పోయేదట." టీకొట్టు దగ్గర ఆ మాట నేను చెవులారా విన్నాను. అన్నవాళ్ళలో ఇద్దరు ఇప్పుడు ఈ హాల్లో ఉన్నారు. వాళ్ళను తప్పుపట్టడానికి నేనెవరిని? ఆ మాట విని, టీ పూర్తిచేసి, ఇంటికి వచ్చినవాణ్ణి.

రెండేళ్ళు ఆమె బల్ల మీదకు టైమింగ్ పని రాలేదు. నూనె వేయడానికి, బెల్టు మార్చడానికి మాత్రమే తెచ్చేవారు. నేర్చిన విద్యలో కష్టమైన భాగాన్ని ఆమె దగ్గర ఎవరూ అడగలేదు. ఆమె దాని గురించి ఇంట్లో మాట్లాడలేదు. ఏడాది గడిచాక నేనే అన్నాను, ఇక ఆ నోటీసు తీసేద్దామని. "ఆ నాలుగు రోజుల్లో ఎవరైనా పేజీని కాగితం మీద దింపుకుని ఉంటేనో? వాళ్ళు మళ్ళీ ఎప్పుడొస్తారో మనకేం తెలుసు" అంది. నోటీసు ఉండిపోయింది.

ఆ రెండేళ్ళూ ముగించింది నేను కాదు. ఓవర్‌లాక్ పెద్దాయన. ఒక రోజు పొద్దున్నే మిషనును బండిలో వేయించుకుని వచ్చి, వీధిలో నిలబడి, నలుగురికీ వినబడేలా అన్నారు. "చెల్లెమ్మా, నా చూపు ఆనడం లేదు. టైమింగ్ నువ్వు కట్టు. నేను చూసి నేర్చుకుంటా." ఆయన చూపు ఇప్పటికీ బాగానే ఉంది. ఇందాక వేదిక మీది చిన్న అక్షరాలు కళ్ళజోడు లేకుండా చదివారు. అయ్యా, ఆ రోజు మీరన్న మాట ఆమె భర్త అనవలసింది. మీకు దండం పెడుతున్నాను.

ఆ తర్వాత దూర ఊళ్ళనుంచి కూడా మిషన్లు వచ్చాయి. నోటీసు చదివే వచ్చామన్నారు. ఎన్నో సైట్లు చూశాం, అందరూ మేమే గొప్ప అన్నారు, మీరొక్కరే తప్పు చేశామన్నారు, అందుకే నమ్మాం అన్నారు. ఆమె మిషను దింపించుకునేది. ఇవాళ మీరు మెచ్చుకున్నదీ అదే. మెచ్చుకోండి, కాని ఉన్నదున్నట్టు మెచ్చుకోండి. ఆమె గొప్పతనానికి చేయని తప్పును అతికించవలసిన పని లేదు. మనుషులు మధ్యలోంచి వస్తారని ఆమె ముందే చూసింది. హెచ్చరిక ఏడుసార్లు రాసింది. ఆ పెన్సిలు కాగితం నా దగ్గర ఉంది. ఎవరైనా వచ్చి చూడవచ్చు. ఆమె టైమింగ్ ఏనాడూ తప్పు కట్టలేదు, తప్పు నేర్పలేదు.

కిటికీ పక్కన కూర్చున్న టైలరమ్మ గారూ. మీరు నాలుగు గంటలు ప్రయాణం చేసి వచ్చారు. ఆ ఐదు రోజుల్లో ఆమె మీకీ సంగతి చెప్పలేదని నాకు తెలుసు. మీ చెంప మీది మచ్చ నా చేతి పని. తనను క్షమించమని ఆమె మిమ్మల్ని అడిగిందని విన్నాను. అడగవలసింది నేను. ఇప్పుడు అడుగుతున్నాను. జవాబు ఇవాళే చెప్పనక్కరలేదు, ఎప్పటికీ చెప్పకపోయినా సరే.

టీకొట్టు దగ్గర ఆ మాట అన్న మిత్రులకు ఒక మనవి. నా దగ్గర ఏమీ అనవద్దు. ఆ మాట ఎక్కడ అన్నారో అక్కడే నిలబడి, అది తప్పని చెప్పండి. రేపు నేనూ వచ్చి పక్కన నిలబడతాను.

నోటీసు ఇవాళ మారుతుంది. నా పేరు వద్దంది ఆమె. ఆమె మాట దాటుతున్నాను. ఇంటికి వెళ్ళి తీరిగ్గా రాస్తే నా చెయ్యి ఊరుకోదు, మళ్ళీ మెరుగులు దిద్దుతుంది. అందుకని ఇక్కడే, మీ అందరి ముందు చెబుతాను. కార్యదర్శి గారూ, దయచేసి రాసుకోండి. నేను చెప్పినట్టే ఉండాలి, ఒక్క మాట తగ్గకూడదు.

"టైమింగ్ పేజీలో జరిగిన తప్పు ఈ మెకానిక్‌ది కాదు. ఆమె ప్రతి మెట్టు దగ్గరా హెచ్చరిక రాసింది. ఆమె ఊళ్ళో లేనప్పుడు, ముట్టుకోవద్దన్నా వినకుండా, మొదటిది తప్ప మిగతావన్నీ కొట్టేసింది ఆమె భర్త. ఆమెను ఆరేళ్ళు తప్పు మోయనిచ్చిందీ ఆమె భర్తే."

కింద నా పేరు రాయండి. ఇవాళ్టి తేదీ వేయండి.

నేను చెప్పవలసింది అయిపోయింది. ఇప్పుడు ఆమె కోసం అందరం ఒకసారి లేచి నిలబడదాం. మా అమ్మ లేవలేదు, కూర్చునే ఉంటుంది. రెండు నిమిషాలు ఎవరం ఏమీ మాట్లాడవద్దు.